తలా ఒక రోగి

అడవిలో ఆస్పత్రికి పగటి డ్యూటీ ఇన్‌చార్జి బాతు. న్యాయమంతా తన దగ్గరే ఉన్నట్టు మెడ నిక్కించుకుని తిరిగేది. రోగి ఏమైపోయినా ఫరవాలేదు, తనను మాత్రం ఎవరూ వేలెత్తి చూపకూడదు. అదొక్కటే దాని బెంగ.

"నా దగ్గర పక్షపాతం లేదు. తలా ఒక రోగి" అంటూ ఆ పొద్దున నర్సులకు పని పంచేసింది. నడుం విరిగిన ఏనుగు ఉడుత వంతుకు వచ్చింది. జ్వరమొచ్చిన పిచ్చుక పిల్ల ఎలుగుబంటి వంతుకు వచ్చింది. మూడో నర్సు నక్కకు రోగులెవరూ మిగల్లేదు. అది గుమ్మంలో ఆవులిస్తూ కూర్చుంది.

"బాతక్కా, ఏనుగును పక్కకు తిప్పకపోతే వీపంతా పుండ్లు పడుతుంది. అంత బరువు నా వల్ల అవుతుందా?" అని ఉడుత మొత్తుకుంది.

"ఈ పంజాతో పిచ్చుక నోట్లో మందు చుక్క ఎలా వెయ్యను? మేమిద్దరం మార్చుకుంటాం" అంది ఎలుగుబంటి.

"నీకూ ఒకటే, దానికీ ఒకటే. ఇంకా ఏం ఏడుపు?" అని కసిరి, బాతు దర్జాగా వెనక్కి తిరిగింది. ఏనుగు కోసం తెస్తూ ఉడుత మోయలేక ఒలకబోసిన గంజిలో కాలు జారి బాతు దబ్బున పడింది. కాలు విరిగింది.

ఎలుగుబంటి దాన్ని ఎత్తి మంచం మీద పడుకోబెట్టింది.

"అమ్మో నొప్పి! నువ్వే ఉండి చూసుకోవే" అంది బాతు.

"నాకు పిచ్చుక ఉందిగా అక్కా. ఉడుతకు ఏనుగు ఉంది. తలా ఒకరేనన్నావు" అని ఎలుగుబంటి గుమ్మం వైపు కేకేసింది.

నక్క హుషారుగా లేచి వచ్చింది. కట్టు కట్టాల్సిన గుడ్డతో ముందు తన మూతి తుడుచుకుంది.

"ఈ ఒక్కసారికి కాస్త పక్షపాతం చూపించండర్రా!" అని గావుకేక పెట్టింది బాతు.