మంచు గడప

"ఇవాళ లోపలికెళ్లాక నువ్వు వంగడానికి వీల్లేదు" అంది హెలెన్ మేడమ్.

బూటు లేసు బిగిస్తున్న త్రిమూర్తులు చెయ్యి ఆగిపోయింది.

దుబాయ్‌లో యంత్రాలతో మంచు పరిచిన ఆ హాల్లో పెంగ్విన్లను చూసుకునేది నలుగురు. త్రిమూర్తులు, నెల్లూరు నుంచి వచ్చిన చాంద్ బాషా, నేపాల్ గురుంగ్, వాళ్ల పైన హెలెన్ మేడమ్. ఆవిడ దక్షిణ ధ్రువం దగ్గర ఏళ్ల తరబడి గుడారాల్లో ఉండి పెంగ్విన్ల మీద పరిశోధన చేసిన మనిషి. వచ్చేటప్పుడు అక్కడి క్యాంపు నియమాలన్నీ మూటగట్టుకుని తెచ్చేసింది. ఒకరి వెనక ఒకరు నడవాలి. ముందున్నవాడి చూపు పక్షుల మీదే ఉండాలి, వెనక్కి తిరగకూడదు. నాయకురాలు అందరికంటే చివర రావాలి. బయట కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలిపోయే ఎండల్లో కూడా, లోపల ఆవిడకి ధ్రువమే.

"రోజూ చేసేదే కదా మేడమ్" అన్నాడు త్రిమూర్తులు తనకొచ్చిన హిందీలో. ఆవిడకీ ఇక్కడికొచ్చాక ఆ భాష అబ్బింది.

నిజమే, రోజూ చేసేదే. పడవెక్కినా ఆటో ఎక్కినా ముందు దాన్ని తాకి కళ్లకద్దుకోవడం అతని గోదావరి అలవాటు. లోపల అడుగు పెట్టగానే మంచుకీ ఆ మర్యాద చేస్తాడు. అన్నం పెట్టే చోటు కదా.

"రోజూ చూసి ఊరుకున్నాను. ఇవాళ లైవ్. ఎన్నో బళ్లలో పిల్లలు మన క్యాంపు ఎలా నడుస్తుందో చూస్తారు. మంచులో ఒక మనిషి వంగాడంటే పడిపోయాడని అర్థం, వెనకవాళ్లు ఆగిపోతారు. క్యాంపులో ఏదైనా చేస్తే అందరూ చెయ్యాలి, లేదంటే ఎవరూ చెయ్యకూడదు. ఒక్కడే చెయ్యడం అనేది ఉండదు."

"మా అమ్మాయి చూస్తుంది మేడమ్."

ఇక్కడే వచ్చింది చిక్కు. కోనసీమలో ఏడో తరగతి చదివే విజయదుర్గ, వాళ్ల నాన్న దుబాయ్‌లో మంచు మీద పెంగ్విన్లతో పనిచేస్తాడని క్లాసులో గొప్పగా చెప్పింది. దుబాయ్‌లో మంచేంటని క్లాసంతా నవ్వింది. మాస్టారైతే అబద్ధాలాడకూడదమ్మా అని బుద్ధి కూడా చెప్పారు. పిల్ల ఊరుకుంటుందా? లైవ్ సంగతి చెప్పి, బడిలో పెద్ద టీవీలో చూపించాల్సిందేనని ఆయన్ని ఒప్పించింది. తీరా చూస్తే ఇక్కడ నలుగురిదీ ఒకే నారింజ రంగు సూటు. తలమీద ముసుగు, పక్షులకి జబ్బులంటకుండా మొహానికి మాస్కు. ఎవరు ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అందుకే త్రిమూర్తులు కూతురికి మాటిచ్చాడు. మంచు తాకి కళ్లకద్దుకునేవాడే మీ నాన్న అని.

ఇదంతా మేడమ్‌కి విడమరిచి చెప్పాడు. ఆవిడ చివరిదాకా విని, "నియమం చెప్పాను కదా" అని తలుపు వైపు నడిచింది.

చాంద్ బాషా అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఏంది అన్నా, మొహం అట్టా పెట్టినావు? మేడమ్ చెప్పింది సరిగ్గా ఇన్నావా?"

"ఇన్నాను బాషా. వంగితే ఉజ్జోగం ఊడిపోద్ది."

బాషా ఇంకేదో అనబోయాడు. "యల్లా, ఇక పదండి" అని కేకేసింది మేడమ్.

పోనీ అందరినీ చెయ్యమని అడుగుదామంటే త్రిమూర్తులుకి నోరు రాలేదు. ఎవరి దేవుడు వాళ్లకున్నాడు. తన అలవాటు కోసం వాళ్లని మంచుకి వంగమని ఏ మొహంతో అడగడం?

తలుపు తెరుచుకుంది. చేపల బకెట్టుతో ముందు త్రిమూర్తులు. కాలు మంచు మీద పడగానే అలవాటు కొద్దీ చెయ్యి కిందికి జారబోయింది. బకెట్టు పిడిని గట్టిగా పట్టుకుని ఆపుకున్నాడు. క్షమించు తల్లీ అనుకున్నాడు. అది మంచుకి చెప్పాడో కూతురికి చెప్పాడో అతనికే తెలియదు. పక్షుల మీద చూపు నిలిపి, నిటారుగా నడిచాడు.

పెంగ్విన్లు అతన్ని చూడగానే బిలబిలా చుట్టుముట్టాయి. ఒకటి ఎక్కడినుంచో గులకరాయి తెచ్చి కానుకలా అతని బూటు ముందు పెట్టింది. వేరే రోజైతే పొంగిపోయేవాడు. చేపలు అందించాడు, గూళ్లు చూశాడు, ఒక్కోదాన్నీ బుజ్జగించి తూకం ఎక్కించాడు. మనసు ఎలా ఉన్నా పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. కూతురు చూస్తుండగా చేప జారనిస్తాడా?

బయటికి వచ్చి మాస్కు తీశాడో లేదో ఫోను మోగింది. ఇంటి నుంచే. కాసేపు మోగనిచ్చి, చివరికి ఎత్తాడు.

"నాన్నా, చూశాం. బడి అయిపోగానే పరిగెత్తుకొచ్చేశాను. క్లాసంతా ఒకటే చప్పట్లు. మాస్టారు నా దగ్గరికొచ్చి, పొరపాటు నాదేనమ్మా, మీ నాన్న గొప్పోడు అన్నారు."

"అది కాదు తల్లీ, నేనూ..."

"నేను ముందే చెప్పాను కదా వాళ్లకి. రెండో ఆయన వంగి మంచు తాకి కళ్లకద్దుకోగానే అదిగో మా నాన్న అని అరిచేశాను. ఇంతలోకే మూడో ఆయనా అద్దుకున్నారు. తర్వాత చివరాయన కూడా. ముగ్గురిలో నువ్వెవరని అందరూ అడిగారు. ఎవరైతేనేం, మిగతావాళ్లకి నేర్పింది మా నాన్నే అని చెప్పేశాను."

త్రిమూర్తులు వెనక్కి తిరిగి చూశాడు. బాషా, గురుంగ్ నవ్వుతున్నారు. చివర వచ్చిన హెలెన్ మేడమ్ ఏమీ ఎరగనట్టు మోకాలికంటిన మంచు దులుపుకుంటోంది.

"అవునమ్మా. ఆళ్లంతా నా మనుషులే" అన్నాడు గర్వంగా.

"అంతా బానే ఉంది గానీ నాన్నా, బకెట్టు పట్టుకుని అందరికంటే ముందొచ్చాడే, ఆయనొక్కడే అద్దుకోలేదు. ఎవరు నాన్నా ఆయన? అన్నం పెట్టే చోట అంత పొగరేంటి?"