వెవ్వెవ్వే ఆయమ్మ

బడి గేటు దగ్గర ఆయమ్మ నాలుక బయటపెట్టి "వెవ్వెవ్వే" అంది.

ఒకటో తరగతి పాప అంతకంటే పొడుగ్గా నాలుక చాపింది.

అది చూసి పాప తల్లికి ఒళ్లు మండింది. మంచి బడి అని ఏరికోరి చేర్పిస్తే, మొదటి పాఠం ఇదా!

"ఏంటీ వెక్కిరింతలు? ఇంత వయసొచ్చింది, బుద్ధుండక్కర్లా?"

"రోజూ ఇదే మా ఆటమ్మా. నాలుక చూపించందే లోపలికి పంపను." ఆయమ్మ నవ్వుతూ పాప మెడ నిమిరింది. "పో బంగారం, పో."

వెనకాల పిల్లలు బారులు తీరి నాలుకలు సిద్ధం చేసుకుంటున్నారు. నిజం చెప్పొద్దూ, బడి మొత్తంలో అంత సందడైన చోటు మరోటి లేదు.

ఆ వారమే పాప వాళ్ల నాన్నగారి పై అధికారి వీళ్లింటికొచ్చాడు. పాప ఆయనకూ "వెవ్వెవ్వే" అంది.

మర్నాడే తల్లి హెడ్మాస్టరు గదిలో కూర్చుంది. ఆయమ్మను పిలిపించారు.

"పిల్లల ఒంట్లో ఎలా ఉందో చూస్తానయ్యా, అంతే" అంది ఆయమ్మ.

"అందుకు మేం లేమా? కన్నతల్లులం!" అంది తల్లి.

"ఉన్నారమ్మా. మీరు చూసేది ఒక్క నాలుకే. నేను మూడొందలు చూస్తాను."

ఆ మాటకు తల్లీ, హెడ్మాస్టరూ నవ్వారు. నెలాఖరుకి ఆయమ్మను మాన్పించారు.

రెండు నెలలు గడిచాయి.

పాప గొంతు నొప్పంది. జలుబేలే అనుకుంది తల్లి. మర్నాడు జ్వరం. ఆ మర్నాడు మెడ మీదా, పొట్ట మీదా ఎర్రటి పొక్కులు. చెమటకాయలనుకుని పౌడరు రాసింది. నాలుగో రోజుకి పిల్ల గుక్కెడు నీళ్లు కూడా మింగలేకపోయింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

తల నెరిసిన డాక్టరు పాప పొట్ట తడిమి, నోరు తెరిపించి చూశాడు.

"స్కార్లెట్ ఫీవరు. పిల్లల్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జ్వరం. నాలుక చూడండి, ఎర్రగా, బుడిపెలతో. మొహమంతా కందిపోయినా మూతి చుట్టూ పాలిపోయి ఉంది."

"నా బిడ్డకేం కాదు కదా డాక్టరుగారూ?"

"ఒకప్పుడైతే మాటివ్వలేకపోయేవాళ్లం. పిల్లల్ని విడిగా ఉంచి, వాళ్లు ఆడుకున్న బొమ్మలు కూడా తగలబెట్టేవాళ్లు. ఇప్పుడు పెన్సిలిన్ ఉంది. పది రోజులూ వాడండి. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపితే గుండెకి చుట్టుకుంటుంది."

మందుల చీటీ రాస్తూ అడిగాడు. "మీ బడి నుంచి ఈ జ్వరంతో ఏడాదికి ఒక్కరో ఇద్దరో వచ్చేవారు, అదీ మొదటి రోజే. ఈ వారంలో మీ పాప పదకొండోది. అక్కడ ముందే పసిగట్టేవాళ్లెవరో ఉండేవారే, ఏమయ్యారు?"

తల్లి చీటీ అందుకుని, పాపను ఎత్తుకుని బయటికొచ్చేసింది.

పాపకు నెమ్మదించగానే తల్లి, ఆయమ్మ అద్దెకున్న గదికి వెళ్లింది. తాళం వేసి ఉంది. ఏ ఊరు వెళ్లిందో పక్కింటివాళ్లకీ తెలియదు.

పదో రోజు డాక్టరు పాప చేతులు తిప్పి చూశాడు. వేళ్ల కొసల్లో చర్మం పొట్టులా లేస్తోంది.

"ఇది మామూలే. గండం గడిచింది."

తల్లికి ఏడుపు ఆగలేదు. "ఆ రోజు మీరడిగిన మనిషిని నేనే మాన్పించాను డాక్టరుగారూ. పొట్టిగా ఉంటారు. పిల్లలతో వెవ్వెవ్వే అంటూ..."

డాక్టరు చటుక్కున తలెత్తాడు.

"వెవ్వెవ్వే ఆయమ్మా! ఇక్కడి జ్వరాల వార్డు మూసేశాక ఎటు వెళ్లిందోనని ఎంత వెతికానమ్మా!"

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను కొత్త డాక్టరుగా ఈ జబ్బును తట్టు అనుకుని చీటీ రాయబోతుంటే, నేల తుడుస్తున్నావిడ లేచొచ్చి, నా చెయ్యి పట్టుకుని బిడ్డ పొట్ట మీద పెట్టి, 'గరుగ్గా ఉంది చూడండి బాబూ, ఇది తట్టు కాదు' అని నాకు మొదటి పాఠం చెప్పింది."