నీళ్లు తాగే గొట్టం

వరద వంతెన మీదికెక్కిన మరుసటి ఏడు. బావమరిది తన కారు ఇంజనుకు గాలి అందించే గొట్టం తీసేసి, బంపరు వెనక కిందికి వేలాడే కొత్తది బిగించాడు. పాతదానితో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కారును ఒకే రోడ్డు మీద పరుగెత్తించి చూస్తే కొత్తదే గెలిచింది.

"కారు గుర్రమైంది బావా! అక్కకి నొప్పులొస్తే రెక్కలు కట్టుకుని ఆసుపత్రిలో వాలతాం."

మెకానిక్ బావ నవ్వలేదు. "దారిలో నీళ్లు తగిలాయా?"

"ఒక్క గుంట. పిచ్చుక స్నానానిక్కూడా చాలదు."

"గొట్టం చివరున్న ఫిల్టరు తడిమి చూడు."

బావమరిది వంగి తడిమాడు. చెయ్యి తడిసింది.

"పాతది పైనుంచి గాలి పీల్చేది. ఇది కిందనుంచి నీళ్లు తాగుతుంది. ఇంజను నీళ్లు మింగిందంటే అక్కడికక్కడే చస్తుంది."

ఆసుపత్రి వంతెనకు అవతల ఉంది. మబ్బు కమ్ముకొస్తోంది. అక్కకు నెలలు నిండాయి.

మర్నాడు బావ లేచేసరికి, చినుకుల్లో కారు బానెట్ ఎత్తి బావమరిది పాత గొట్టం బిగిస్తున్నాడు.