మాస్టారు గెలిచిన ప్రశ్న

“వద్దు నాన్నా, అబ్జెక్షన్ పెట్టొద్దు. వదిలెయ్యండి,” అంది ప్రసన్నలక్ష్మి, తండ్రి చెయ్యి పట్టుకుని.

గుడివాడ బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్. కంప్యూటర్ తెర మీద ఆమె రాసిన ఉద్యోగ పరీక్ష ఆన్సర్ కీ. రామబ్రహ్మం మాస్టారు ఆ చెయ్యి విదిలించుకున్నారు. ఆయన ఇంగ్లీషు మాస్టారు. ఎవరైనా తప్పు మాట్లాడితే పెళ్ళిపందిట్లోనైనా సరే, ఆపి దిద్దందే ఆయనకి ముద్ద దిగదు.

“ఎందుకొదలాలే? ‘ది టేబుల్స్ హావ్ టర్న్‌డ్’ అంటే ఏంటి? నిన్నటిదాకా ఒకడిది పైచెయ్యి, ఇవాళ రెండోవాడిది. అది రెండో ఆప్షను. వీళ్ళేమో ‘అంతా చిందరవందరైంది’ అన్న మూడోదాన్ని కరెక్టంటున్నారు. ఏ దద్దమ్మ తయారుచేశాడో ఈ కీ.”

“అందరికీ అదే కీ కదా నాన్నా. పోనివ్వండి.”

“అందరి గొడవా నాకెందుకు? నువ్వు చెప్పిన జవాబుల లెక్కన బందరులో ఉద్యోగం నీకు ఒక్క మార్కులో పోతోంది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది, పరీక్ష కూడా రాయనివ్వరు. ఆ రోజు హాల్లోంచి రాగానే రెండోదే పెట్టానన్నావు. నా కడుపు నిండిపోయింది. ఆ మార్కు వీళ్ళు మింగేస్తే ఊరుకుంటానా?”

“నాన్నా, అది కాదు, నేను చెప్పేది...”

“ఏం చెప్తావు? భయం. మనది మనం అడగడానికి కూడా భయమే. అంతా మీ అమ్మ పోలిక.”

“సబ్మిట్ కొట్టమంటారా మాస్టారూ?” అన్నాడు నెట్ సెంటర్ అతను.

“కొట్టు బాబూ.”

కొట్టాడు. ప్రసన్న బెంచీ మీద కూలబడి చున్నీలో మొహం దాచుకుంది. ఆశ పోయినట్టే అనిపించింది ఆమెకి. పిల్ల దిగులుపడుతోందని మాస్టారు టీ తెప్పించారు.

ఆ తర్వాత ఆమెకి అన్నం సయించలేదు. రెండుసార్లు తండ్రి గదిదాకా వెళ్ళి, గుమ్మంలోంచే వెనక్కి వచ్చింది.

“పిల్ల మీతో ఏదో చెప్పాలని చూస్తోందండీ,” అంది భార్య పుష్పావతి.

“ఫలితాలు వచ్చాక తీరిగ్గా చెప్పమను,” అన్నారు మాస్టారు.

చివరికి కీ మారింది. రెండో ఆప్షనే సరైనదని ఒప్పుకున్నారు. మాస్టారి ఆనందం ఇంతా అంతా కాదు. ఫోన్లో ఉన్న నెంబర్లన్నిటికీ చేసి, “వాళ్ళకే ఇంగ్లీషు నేర్పాను,” అని చెప్పుకున్నారు. ఫలితాలు వచ్చే రోజున బందరు లడ్డూలు పట్టుకుని ఇంటికొచ్చారు.

ప్రసన్న గోడకి జారబడి కూర్చుని ఉంది. పక్కన పుష్పావతి కళ్ళు తుడుచుకుంటోంది. మాస్టారు ఫోను లాక్కుని చూశారు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి. కూతురి హాల్‌టికెట్ నెంబరు లేదు.

“ఇదెలా కుదురుతుంది? కీ మార్చారుగా. ఆ ఒక్క మార్కూ కలిసిందిగా?”

ప్రసన్న తలెత్తింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు ఆమెలో. ఈసారి మాస్టారు మధ్యలో అడ్డుపడలేదు.

“పాత కీ అయితే సరిగ్గా గట్టెక్కేదాన్ని నాన్నా. మీరు తిడతారని అబద్ధమాడాను. నేను పెట్టింది మూడోదే.”