సోంపేట బీల

"మీ అక్కది ఏ ఊరు?" అని బెంగాలీలో అడిగింది రైల్వే ట్రాఫిక్ కాలనీలో పక్క క్వార్టరు దీదీ.

"విశాఖపట్నం," అన్నాడు గణపతిరావు, పదేళ్ళుగా అందరికీ చెబుతున్నట్టే.

నిన్ననే ఊరి నుంచి వచ్చి రైలు దిగిన అక్క దాలమ్మ తెల్లబోయింది. "అదేటిరా! మనది సోంపేట బీల కాదేటి? ఎటు సూసినా నీళ్ళు, తుంగ, మోకాటిలోతు బురద..."

"బురద మాట ఎత్తకు, అప్పా!" అని పళ్ళు కొరికాడు.

తెలుగు రాకపోయినా దీదీ తన భాషలోనూ ఉన్న ఒక్క మాట పట్టుకుంది. "బీల్? మాదీ బీల్ ఊరే!" కళ్ళు తుడుచుకుంటూ ఇంకేదో అడిగింది.

"ఏటంతందిరా?"

"దేశం రెండు ముక్కలైనప్పుడు ఆళ్ళ బీల అవతల ఉండిపోనాదట. మనది ఇంకా ఉందా అని అడుగుతంది."

"ఉందని సెప్పరా, పాపం."

విశాఖపట్నం అన్న నోటితో ఆ ఒక్క మాట చెప్పలేక గణపతిరావు ఇంట్లోకి నడిచాడు.