ఏడో వరుస చివరి ఇటుక

క్లబ్బు చరిత్ర సరిగ్గా చెప్పినవాళ్లకే ఇప్పుడు ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్. లోపల పోశెట్టి మనవరాలు లాస్య తన తొలి మ్యాచ్ ఆడబోతోంది.

"తూర్పు గ్యాలరీ ఎవరు కట్టారు?" అని టికెట్ యంత్రం అడిగింది.

"మా బస్తీవాళ్లమే. ఏడో వరుస చివరి ఇటుక మీద నా పేరు గూడ చెక్కిన," అన్నాడు పోశెట్టి.

ఎర్రలైటు వెలిగింది. "ఇది ఇంకా ఎవరెవరికి గుర్తుంది?" యంత్రం తియ్యగా అడిగింది.

పోశెట్టికి అనుమానం కొట్టింది. జవాబు తప్పయితే, మిగతావాళ్ల పేర్లు దీనికెందుకు?

"క్లబ్బును కొన్న కంపెనీయే కట్టిందను కాకా, పనైపోతది," వెనక నిలబడ్డ జహంగీర్ గొణిగాడు.

"ఎవ్వరికీ గుర్తులేదు. కంపెనీయే కట్టింది," అన్నాడు పోశెట్టి యంత్రంతో.

టికెట్ వచ్చింది. పోశెట్టి గబగబా ఏడో వరుసకు వెళ్లాడు. చివరి ఇటుక మీద అప్పుడే పూసిన సిమెంటు!

లాస్య మైదానంలోకి వచ్చింది. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే పోశెట్టి మాత్రం వంగి, సిమెంటు ఆరకముందే వేలితో మళ్లీ తన పేరు రాస్తున్నాడు.