ఇంకో ప్రెల్యూడ్

"ఇది వద్దు మేడం. ఇంకోటి ఏదైనా చూద్దాం."

పియానో టీచరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఖరి లైను ఒక్కటే మిగిలింది. అది కూడా నేర్చుకుంటే ప్రెల్యూడ్ అనే ఆ పియానో బాణీ మొత్తం చేతికొచ్చినట్టే. సరిగ్గా అక్కడికొచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని, వద్దంటోంది ఈ మహాతల్లి!

"దీనికేమొచ్చింది? పోయినసారిది మరీ దిగులుగా ఉందన్నావు. అంతకుముందుది చిన్నపిల్లల పాటలా ఉందన్నావు. అదీ ఆఖరి లైను దగ్గరే మానేశావు. ఇప్పుడు దీనికేం వంక పెడతావు?"

"ఏమో మేడం. మనసుకి పట్టడం లేదు."

"మనసుకి పట్టడానికి ఇదేమన్నా పెళ్లిసంబంధమా?"

అమ్మాయి తల తిప్పుకుంది. కిటికీ అవతల సన్నటి ముసురు పడుతోంది. కింద లాండ్రీలోంచి ఇస్త్రీ ఆవిరి వాసన గదిలోకి వస్తోంది. ఆ అమ్మాయి కళ్లద్దాల షాపులో పనిచేసి, పని అవగానే తిన్నగా ఇక్కడికే వస్తుంది. పొద్దస్తమానం కళ్లజోళ్లకి బుల్లి బుల్లి మరలు బిగించే వేళ్లు కదా, ఏది చెప్పినా ఇట్టే పట్టేస్తాయి. చేతకాకపోతే టీచరుకి ఇంత కోపం వచ్చేది కాదు. చేతనయ్యి కూడా చెయ్యకపోవడమే ఒళ్లు మండిస్తోంది.

పైగా ఇది సరదాకి నేర్చుకునే సంగీతం కూడా కాదు. ఇంట్లో తల్లి మంచాన పడి ఉంది. ఇక చేసేదేం లేదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. వందల ఏళ్లనాటి ఆ బరోక్ సంగీతమంటే ఆవిడకి ప్రాణమట. పోయేలోగా కూతురు ఒక్క ప్రెల్యూడ్‌ని మొదటినుంచి చివరిదాకా తప్పు లేకుండా వాయిస్తే వినాలని ఉందట. ఆ మాట చెప్పి మరీ క్లాసులో చేరింది అమ్మాయి. ఆ రోజు టీచరు కళ్లు తుడుచుకుంది కూడా.

అందుకే ఇప్పుడు కోపం దిగమింగి పుస్తకం తెరిచింది.

"సరే, ఇదిగో. ఒకటే పేజీ. ఎడమచెయ్యి మొదలెడితే కుడిచెయ్యి అందుకుంటుంది, చివరిదాకా అంతే. నీ చేతులకి వారం కూడా పట్టదు."

"అంత చిన్నదా?"

అమ్మాయి మొహం చిన్నబోయింది. పుస్తకం తన వైపు లాక్కుని వెనకనుంచి తిప్పడం మొదలుపెట్టింది. ఒక పేజీ దగ్గర ఆగింది. చీమలబారుల్లా పేజీ అంతా నల్లగా స్వరాలే.

"ఇది నేర్పండి."

"ఇదా! నా తల్లే! నాకే ఏడాది పట్టింది దీంతో. రెండు చేతులూ రెండు దారుల్లో పోతాయి, ఒకదాన్ని చూస్తే ఇంకోటి తప్పుతుంది."

"పట్టనివ్వండి."

"మతి ఉండే మాట్లాడుతున్నావా? మీ అమ్మ వినాలనేగా ఈ తిప్పలన్నీ? ఏడాదిదాకా ఆవిడ..." టీచరు నాలుక్కరుచుకుంది.

"ఉంటుంది," అంది అమ్మాయి తల ఎత్తకుండా. "తొందరేం లేదు మేడం."

తొందరేం లేదట! దీనిది గుండెనా, బండరాయా అనుకుంది టీచరు. అవతల కన్నతల్లి గంటలు లెక్కపెట్టుకుంటుంటే ఇవతల దీనికి గొప్ప కావలసివచ్చింది. చిన్న పాట వాయిస్తే నామోషీ కాబోలు!

మర్నాడు అమ్మాయి షాపులో ఉండే వేళ చూసుకుని టీచరు వాళ్లింటికి వెళ్లింది. పక్కింటావిడ తలుపు తీసి, లోపలి గది చూపించి వెళ్లిపోయింది. కర్టెన్లు వేసేసిన గదిలో మందుల వాసన. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఒక్క కళ్లు మాత్రం మెలకువగా ఉన్నాయి.

"రండి టీచరుగారూ. గోడ అవతల అది వాయించేది వింటూనే ఉంటాను. బాగా నేర్పారు."

"ఏం బాగు లెండి! మీ అమ్మాయి మీద చాడీలు చెప్పడానికి వచ్చాననుకోకండి. ఏదీ పూర్తి చెయ్యదు. ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైనది పట్టుకుని కూర్చుంది."

"ఎంతకాలం పడుతుందది?"

"ఏడాదికి తక్కువైతే కాదు."

ఆవిడ కళ్లు మూసుకుంది. దుప్పటి అంచుని పిడికిట్లో బిగించింది. నొప్పి వచ్చినట్టుంది, ఊపిరి బిగబట్టి అది పోయేదాకా అలాగే ఉండిపోయింది. టీచరు ఏం చెయ్యాలో తోచక మంచినీళ్ల గ్లాసు అందుకుంది. ఆవిడ వద్దన్నట్టు తల తిప్పింది.

"ఏడాది..." అంది.

టీచరు గ్లాసు పక్కన పెట్టింది. "మీరు బెంగ పెట్టుకోకండి. నేను గట్టిగా చెప్తాను. అది వినకపోతే పోనీ, నేనే వచ్చి వాయిస్తాను. మీకు ఏది కావాలంటే అది, చెవులారా విందురుగాని."

"మీరు వాయిస్తే లాభం లేదమ్మా."

"అవును లెండి. కన్నబిడ్డ వాయిస్తే వినే తృప్తి వేరు."

"తృప్తి కోసం కాదు." ఆవిడ చెయ్యి చాపి టీచరు మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఇంకా ఉందని టీచరు అనుకోలేదు.

"నన్నొదిలి పోవద్దని అది ఏడుస్తుంటే, నువ్వు ఒక్కటైనా పూర్తిగా వాయించి వినిపించేదాకా పోనని దాని నెత్తిన చెయ్యేసి ఒట్టేశాను, ఇక ఓర్చుకోలేనమ్మా, నీకు పుణ్యముంటుంది, ఒక్క పేజీది ఏదైనా తొందరగా నేర్పెయ్యి."